ముహూర్తానికి మార్చిన సర్వరు పేరు

సర్వరు పేరు మార్చడం బోర్డు మార్చినట్టు కాదని మా కొత్త యజమానికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైసుమిల్లు నడిపే ఆయన, మహబూబాబాద్‌లో నేను కంప్యూటర్లు చూసే ప్రైవేటు దవాఖానను కొన్నాడు. పాత యజమాని పేరు బోర్డు మీదే కాదు, సర్వరులో కూడా కనబడొద్దన్నాడు. ల్యాబు, మందుల షాపు, ఓపీ, అన్నీ ఒకే పెట్టెలో వేర్వేరు కంప్యూటర్లలా నడుస్తాయి. వాటన్నిటినీ లేపేదీ ఆపేదీ ఈ సర్వరే. ఆదివారం ఓపీ ఉండదు, అప్పుడు మారుస్తానన్నాను.

"ఆదివారం అమాస. పంతులు బుధవారం పొద్దుగాల మంచి ఘడియ పెట్టిండు. బోర్డు, సర్వరు రెండూ ఒక్కపారే మారాలె."

బుధవారం మా ఓపీలో కాలు పెట్టే సందు ఉండదు. అయినా వింటేనా! ఆయన బయట కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు, నేను లోపల అన్నీ ఆపి పేరు మార్చి మళ్లీ ఆన్ చేశాను. సర్వరు లేచింది గానీ, దాని లోపల నడిచే ల్యాబు, ఓపీ సర్వీసులన్నీ పాత పేరునే వెతుక్కుంటున్నాయి. ల్యాబు లేవలేదు. ఏదీ లేవలేదు.

అప్పుడే ఒక ఆటో డ్రైవరు డెంగీ జ్వరంతో ఉన్న కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. పాప కళ్లు తెరవడం లేదు. ప్లేట్‌లెట్లు నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పడిపోయాయో తెలిస్తేగానీ, ఇక్కడ ఉంచాలో వరంగల్ పంపాలో చెప్పలేనంది డాక్టరమ్మ. నిన్నటి లెక్క చూడాలన్నా, ఇప్పుడే తీసిన రక్తం లెక్క రావాలన్నా నా పెట్టె లేవాలి.

"అన్నా, ఇంకెంతసేపు? జర చూడన్నా," అంటూ పాప తండ్రి నా గది తలుపు దగ్గరే నిలబడ్డాడు. నేను ఒక్కో సర్వీసును లేపుతున్నాను, అది పడిపోతోంది. ఏడుపొచ్చింది. ఇక పాత పేరే మళ్లీ పెట్టేస్తానన్నాను.

యజమాని ఉరికి వచ్చాడు. "అద్దు! ఘడియల పెట్టిన పేరు తీస్తే అరిష్టం!"

"అరిష్టమా? అగో, ఆ పిల్లను జూడు! గంతకన్న అరిష్టం ఏముంటది?" అని అరిచాను. ఉద్యోగం పోతే పోనీ అనుకుని పాత పేరు పెట్టేశాను. సర్వరు మళ్లీ లేచింది. సర్వీసులు ఒక్కొక్కటిగా లేచాయి. ల్యాబు కూడా లేచింది.

రిపోర్టు చూడగానే డాక్టరమ్మ ముఖం మారింది. వెంటనే వరంగల్ తీసుకుపొమ్మంది. దవాఖాన అంబులెన్సు వేరే పేషెంటుతో వెళ్లింది. ఆటోలో అంత దూరం ఎలాగని తండ్రి గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

యజమాని కొబ్బరికాయ నా బల్ల మీద పెట్టేసి ఆ తండ్రి రెక్క పట్టుకుని లేపాడు. "లే తమ్మీ, నా కారున్నది. పాపను ఎత్తుకో," అన్నాడు. కారు తనే నడిపాడు.

సాయంత్రం దాకా ఫోను నా చేతిలోంచి దిగలేదు. చివరికి ఆయన గొంతు వినబడింది.

"ప్లేట్‌లెట్లు ఎక్కిచ్చిన్రు. పిల్ల కండ్లు తెరిచింది, నీళ్లడిగింది," అన్నాడు. "నువ్వు ఇంక గా సర్వర్ పేరు జోలికి పోకు బిడ్డా."