సుందరరాజు మూడొందల లెన్సు

మీరు నమ్మినా నమ్మకపోయినా సరే, ఆ లెన్సు నాలుగేళ్ళు బియ్యం డ్రమ్ములోనే ఉంది. చెమ్మ తగిలితే గాజుకు బూజు పడుతుందని నంద్యాల ఫొటో స్టూడియో సుందరరాజు దాన్ని గుడ్డలో చుట్టి బియ్యంలో పూడ్చిపెట్టాడు. ఆయన భార్య దెబోరా రోజూ బియ్యం తీసుకుంటూ దాన్ని ఇటూ అటూ జరుపుతూనే ఉంది.

మోచేతంత పొడుగున్న మూడొందల మిల్లీమీటర్ల లెన్సు అది, దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాగేది. పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే మనిషి తొంభై మూడులో మద్రాసు దాకా పోయి అంత లెన్సు ఎందుకు తెచ్చుకున్నాడంటే, పాస్టరు అబ్రహాము గారి వల్ల. ప్రమాణాలు చేసేటప్పుడు కెమెరా దగ్గరికి రాకూడదని ఆయన గట్టిగా చెప్పేశాడు. మిగతా ఫొటోగ్రాఫర్లు చర్చి వాకిట్లోంచి వీపులు తీసుకున్నారు. సుందరరాజు అదే వాకిట్లో నిలబడి ఉంగరం తొడిగే వేలు తీశాడు. ఇక చర్చి పెళ్ళిళ్ళన్నీ ఆయనవే. తర్వాత చిన్న చిన్న డిజిటల్ కెమెరాలు వచ్చాయి. పెద్ద ఫిల్ము కెమెరా అటకెక్కింది, లెన్సు డ్రమ్ములోకి పోయింది.

రెండు వేల ఏడులో ఫణీంద్ర అనే కుర్రాడు హైదరాబాదు నుంచి ఆళ్ళగడ్డ శిల్పుల మీద పుస్తకం చేయడానికి వచ్చాడు. అద్దెకు తెచ్చిన పెద్ద డిజిటల్ కెమెరా ఉంది, దగ్గరివి తీసే లెన్సొక్కటే ఉంది. అతనికి కావలసింది కేశవులు పెద్దాయన విగ్రహానికి కళ్ళు తెరిచే ఫొటో. కేశవులుకు డెబ్బై దాటాయి, చేతులు వణుకుతున్నాయి, ఇదే ఆఖరి విగ్రహమని చెప్పేశాడు. వాళ్ళింటి పద్ధతి ఏమిటంటే, కన్ను చెక్కేటప్పుడు విగ్రహం చుట్టూ ముప్పై అడుగుల దూరంలో సున్నంతో గీత గీస్తారు. శిల్పి తప్ప ఎవరూ లోపలికి రాకూడదు. కూతురు ఇందుమతి పుట్టి ముప్పై ఐదేళ్ళయినా నాయన కన్ను తెరవడం దగ్గరగా చూసింది లేదు. ఒక్క ఫొటో అయినా ఇప్పించమని ఫణీంద్రను బతిమాలింది ఆమే.

ఫణీంద్ర నంద్యాలలో స్టూడియోలన్నీ తిరిగి సుందరరాజు దగ్గరికి వచ్చాడు. కెమెరా మీద పేరు చూడగానే సుందరరాజు ఇంట్లోకి పోయి డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. లెన్సుదీ అదే కంపెనీ. టక్కుమని కూర్చుంది.

"కూర్చుంటే సరిపోద్దా అన్నా? ఇది కెమెరాతో మాట్లాడదు కదా, ఫోకస్ దానంతటది పడదు," అన్నాడు ఫణీంద్ర.

"నేను మాట్లాడతాలే అప్పా," అన్నాడు సుందరరాజు.

తెల్లారి ఆళ్ళగడ్డలో సుందరరాజు గీత బయట కెమెరా స్టాండు పెట్టి, ఊగకుండా దానికి రాతిముక్కల సంచి వేలాడదీశాడు. ఫోకస్ రింగు తిప్పితే కరకరమంది. డ్రమ్ములో బియ్యపు తవుడంతా దాంట్లోకి దూరింది. పట్టు దొరకడానికి సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు. కేశవులు ఇంకా పనిలోకి దిగకముందే విగ్రహాన్ని రెండు ఫొటోలు తీసి చూశారు. ఫణీంద్ర కంప్యూటర్లో పెద్దది చేసి చూపించాడు. కన్ను రావలసిన చోటు మసక, వెనకున్న వెదురుబొంగు మాత్రం కణుపులతో సహా స్పష్టం. సుందరరాజుకు అచ్చం ఇట్లాగే తీసిన పెళ్ళిళ్ళు ఎన్నో గుర్తొచ్చాయి.

"ఫిల్ములో ఎవురూ ఇంత పెద్దది చేసి సూడల్యా. అందుకే నాకంత పేరు," అన్నాడు నిజాయితీగా.

ఆ రింగును గోరంత గోరంత తిప్పి, ఫోకస్ ఆ కంటి చోట పడ్డాక ఇక ముట్టకుండా టేపు వేశాడు. కేశవులు ఉలి పట్టుకుని గీత వైపు చూశాడు.

"ఒగ కాలు లోపలికొచ్చినా ఉలి కింద పెడ్తా."

"మేం రాం పెద్దాయనా. ఈ లెన్సొక్కటే వస్తాది," అన్నాడు సుందరరాజు.

పెద్దాయన మొహంలో నవ్వులాంటిది కదిలింది. చేయి వణుకుతోంది. సుందరరాజు వెంటనే నొక్కలేదు, చూస్తూ ఉన్నాడు. మూడు దెబ్బలు, ఊపిరి. మూడు దెబ్బలు, ఊపిరి. ఉలి రాతికి ఆనించి ఊపిరి బిగబట్టినప్పుడు మాత్రం ఆ చేయి రాయిలా నిలుస్తోంది. అప్పుడు నొక్కాడు, ఒక్కటే. తర్వాత పెద్దది చేసి చూస్తే కేశవులు గోటి కింద రాతిపొడి కూడా కనిపించింది.

ఫణీంద్ర రెండు పెద్ద ప్రింట్లు పంపించాడు. ఒకటి కేశవులుకు సుందరరాజే పోయి ఇచ్చొచ్చాడు. రెండోది సంజామలలో కాపురముంటున్న ఇందుమతికి. దెబోరా దాన్ని పాత చీరలో చుట్టి ఇచ్చింది. బస్టాండులో టీ అమ్మే పద్మమ్మ అదేందని అడిగింది. ఆయన విప్పి కథంతా చెప్పేలోగా సంజామల బస్సు వెళ్ళిపోయింది. తిరిగొచ్చి దాన్ని స్టూడియో గోడకు తగిలించాడు. మళ్ళీ వారం కూడా అంతే. ఇందుమతి ఫోను చేస్తే రేపు పొద్దున బస్సుకే వస్తానంటాడు.

"నీకు దాన్ని ఇయ్యబుద్ధి కాల్యా. ఆ మాటే చెప్పు ఆ పాపకు," అంటుంది దెబోరా.

ఆయన చెప్పడు. ఫొటో ఇంకా స్టూడియో గోడకే ఉంది.