మామ నంబరు

డిగ్రీ మొదటి ఏడాదంతా నేను పాఠాలకన్నా ఎక్కువసార్లు చదివింది ఒకే ఒక్క వాక్యం. "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది." మాది కర్ణాటక కాబట్టి, స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో నా దరఖాస్తు సంఖ్య కొట్టగానే కన్నడలో అదే వచ్చేది. పొద్దున లేవగానే చూసేదాన్ని, పావగడ బస్సులో చూసేదాన్ని, క్లాసులో బెంచీ కింద ఫోను పెట్టుకుని చూసేదాన్ని. ఎవరు పరిశీలిస్తున్నారో, ఏం పరిశీలిస్తున్నారో తెలియదు. ఎవరో నా కాగితాలు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నారని ఊహించుకుని, ఆ మనిషిని నోరారా తిట్టుకునేదాన్ని.

తిట్టుకోక ఏం చేయను? అమ్మ ముందే తేల్చి చెప్పేసింది. "స్కాలర్‌షిప్ వస్తే చదువుకో. రాలేదంటే హిందూపురం గార్మెంట్స్‌కు పో. ఇంక నా చేత కాదు."

నాన్న లేని ఇల్లు మాది. ఉన్న భూమి సోలార్ పార్కులోకి పోయింది. ఏడాదికోసారి వచ్చే లీజుతోనే తిండి, అవ్వ మందులు, తమ్ముడి బడి గడవాలి. మొదటి ఏడాది నా ఫీజు ఎలాగో కట్టాం గానీ రెండో ఏడాదికి దారి లేదు. అమ్మ మాటలో అన్యాయం లేదని తెలుసు కాబట్టే నాకు అంత భయం వేసేది.

పరీక్షలయ్యాక మా క్లాసులో ఒకమ్మాయికి స్కాలర్‌షిప్ పడింది. నాతోపాటే దరఖాస్తు పెట్టిన పిల్ల. నా ఫోను చూసి జాలిగా నవ్వింది. "బయట చూస్తే ఏం తెలుస్తాదే? వాళ్లు వెనక్కి పంపినా ఆడ అదే ఉంటాది. లాగిన్ అయ్యి లోపల చూడు." లోపలికి పోవాలంటే ఆధార్‌కున్న నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. ఓటీపీ పోయేది మామ నంబరుకు.

భూమి లీజు కాగితాలు రాసుకున్నప్పుడు మా అందరిలో ఫోను ఉన్నది అమ్మ తమ్ముడైన ఈ మామ దగ్గరే. అమ్మకు, అవ్వకు, నాకు, తమ్ముడికి, అందరి ఆధార్‌కూ ఆ నంబరే ఇచ్చారు. ఆ తర్వాత లీజు ఏటా తప్పకుండా వస్తూ వచ్చింది. ఆ నంబరు కదలకుండా ఉండబట్టే వస్తోందని అమ్మకు నమ్మకం కుదిరిపోయింది. మా ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే వరస. కాలేజీలో చేరినప్పుడు నా ఆధార్‌కు నా నంబరు పెట్టుకుంటానంటే అమ్మ ఇల్లు పీకి పందిరి వేసింది.

"దాన్ని ముట్టుకోవద్దే తల్లీ! అన్నీ ఒకదానికొకటి కట్టుకోనుండాయి. నువ్వు ఒకటి పీకితే లీజు యాడ నిలిచిపోతాదో!"

"నా ఆధార్‌కూ లీజుకూ ఏం సంబంధమమ్మా?"

"లేదని నీకెవురు చెప్పినారు? నాలుగక్షరాలు వచ్చేసరికి మాకు బుద్ధి లేకుండా పోయిందా?"

నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. దేవుడికి దీపం పెట్టడం ఒక్కోరోజు మరిచిపోయేది గానీ, మామ నంబరుకు రీచార్జి చేయించడం మాత్రం మరిచేది కాదు. చివరికి నేనే విసిగి ఊరుకున్నాను.

మామ గొర్రెల మనిషి. ఒకప్పుడు వేరుశనగ పీకేసిన మా చేలల్లోనే మేపుకునేవాడు. వాటికి కంచె పడ్డాక మందను నాగలమడిక ఏటి పక్కకు తోలుకుపోయి వారాల తరబడి అక్కడే ఉంటున్నాడు. ఛార్జింగ్ అయిపోతుందని ఫోను ఆపేసి పెట్టుకుంటాడు. ఊరినిండా కరెంటు పండుతోంది, మా మామ ఫోనుకు మాత్రం కరువు. ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ అనే వచ్చింది. మర్నాడు నేనే బస్సెక్కి ఏటికి పోయాను.

తుమ్మచెట్టు నీడలో కంబళి మీద ఉన్న మామ నన్ను చూసి బెదిరి లేచాడు.

"ఏంది పాపా, అవ్వకేమన్నా అయ్యిండాదా?"

"అవ్వ బాగుండాది మామా. ముందు ఆ ఫోను తీ."

సిగ్నల్ కోసం ఇద్దరం వంతెన మీదికి ఎక్కాం. ఫోను వెలిగింది, ఓటీపీ వచ్చింది, నా ఫోనులో లోపలికి వెళ్లాను. ఆదాయ సర్టిఫికెట్ గడువు తీరింది, కొత్తది జతచేయండి అని రాసి ఉంది. అంతే. నాడకచేరిలో, అంటే మా రెవెన్యూ ఆఫీసులో, కిటికీ దగ్గర నిలబడి తెచ్చుకునే కాగితం. దానికి ఇచ్చిన చివరి తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఇన్నాళ్లూ ఎవరూ నిద్రపోలేదు. నా కోసమే కాచుకుని, చూసి చూసి వదిలేశారు.

నా మొహం చూసి మామకు అర్థమైంది. "ఇంగ్లీషులో వచ్చే మెసేజీలన్నీ రీచార్జి కంపెనీవోళ్లవే అనుకొంటి పాపా. నా వల్లనేనా?"

"కాదులే మామా," అన్నాను. మామ మీద కోపం రాలేదు. కోపమంతా దాచుకుని ఇంటికి మోసుకుపోయాను.

"నీ నంబరు భద్రంగా ఉండాది, నీ లీజు భద్రంగా ఉండాది. నేను గార్మెంట్స్‌కు పోతా. ఇంక సంతోషమేనా?" అని అమ్మ మీద అరిచి, జరిగినదంతా చెప్పాను.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అమ్మ మంచి చీర కట్టుకుని గడపలో కూర్చుని ఉంది. "ఆధార్ తీసుకో. పావగడకు పోదాం."

కాలేజీ ఆఫీసులో గుమస్తా కాగితాల్లోంచి తలెత్తకుండానే చెప్పాడు. పోయిన ఏడాదిది ఇక రాదు, ఈ ఏడాదికి కొత్తగా పెట్టుకోవాలి, ఈసారైనా సొంత నంబరు ఇచ్చుకోవాలి.

"ఈసారి కచ్చితంగా వస్తాదాప్పా?" అంది అమ్మ.

"ఎట్ల చెప్పేదమ్మా?"

అక్కణ్ణుంచి ఆధార్ కేంద్రానికి పోయాం. వరసలో నిలబడ్డంతసేపూ అమ్మ నా చున్నీ పట్టుకునే ఉంది. లీజు రావలసిన నెల దగ్గర పడుతోంది. మా వంతు వచ్చింది. కొత్త నంబరు ఎక్కించి, వేలు పెట్టమన్నారు.

అమ్మ భయాన్ని అన్నాళ్లూ కొట్టిపారేసిన నాకే వేలు ముందుకు పోలేదు. అమ్మ చెప్పిందే నిజమైతే? అవ్వ మందులు, తమ్ముడి బడి, పొయ్యి మీది సంగటి, అన్నీ ఆ చిన్న గాజు పలక మీదే ఉన్నట్టు అనిపించింది. అర్థం లేని భయమని తెలుసు. అయినా వేలు కదలలేదు.

"పెట్టే," అంది అమ్మ. నా వేలు తనే పట్టుకుని గాజు మీద అదిమింది. మిషను పచ్చగా వెలిగేదాకా వదల్లేదు.