శ్రీరంగప్ప డాక్టరుకు శాలువా

అనంతకుమార్‌ను మొదటిసారి చూసినప్పుడు నేను కూడా మందుల కంపెనీ మనిషే అనుకున్నాను. నల్ల సంచి, ఇస్త్రీ చొక్కా, బస్సు దిగగానే జేబులోంచి దువ్వెన తీయడం, అన్ని లక్షణాలూ ఉన్నాయి. లేనిదల్లా మందులే.

నేను మంజులమ్మని. వేప్పనపల్లి అవతల ఒక ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రంలో ఇరవై రెండేళ్లుగా నర్సుని. ఇన్నేళ్లలో నా దగ్గరికి తనిఖీకి వచ్చినవాళ్లున్నారు, తిట్టడానికి వచ్చినవాళ్లున్నారు. "మీకు ఏమన్నా తెలుసుకోవాలని ఉందా అమ్మా?" అని అడగడానికి వచ్చినవాడు మాత్రం ఇతనొక్కడే.

హోసూరులో ఒక ట్రస్టు వాళ్ల వైద్య గ్రంథాలయం ఉంది. అందులో అతను లైబ్రేరియన్. అక్కడ కూర్చునే లైబ్రేరియన్ కాదు, ఊళ్లు తిరిగే లైబ్రేరియన్. డాక్టర్లకూ నర్సులకూ వచ్చే సందేహాలు రాసుకుపోయి, లావుపాటి పుస్తకాల్లో, పత్రికల్లో జవాబు వెతికి, ఒక్క పేజీలోకి దించి తెచ్చివ్వాలి. ఒక్క పేజీయే ఎందుకప్పా అంటే, "చాకీ పురుగుకు ఆకు సన్నంగా తరిగి వెయ్యాలమ్మా. పెద్దాకు వేస్తే దాని మీదే పండుకుంటుంది కానీ తినదు" అన్నాడు. వాళ్లది కెలమంగలంలో పట్టుపురుగులు మేపే ఇల్లు. పెద్ద పెద్ద డాక్టర్లను అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన పురుగులతో పోల్చినందుకు ఆ నిమిషమే అతను నాకు నచ్చాడు.

ఉద్యోగం ఏడాదికే. మార్చి లోపల వంద సందేహాలు రాకపోతే ఊళ్లు తిరిగే పని మూసేస్తామని ట్రస్టు ఛైర్మన్ వెంకటేశులు గారు మొదటిరోజే చెప్పేశారట. ఆయనకు హోసూరులో బండ్ల విడిభాగాల ఫ్యాక్టరీ ఉంది. గంటకెన్ని బోల్టులు దిగాయో లెక్కపెట్టే మనిషి సందేహాలను మాత్రం వదులుతాడా?

మొదటి మూడు నెలల్లో అనంతకుమార్‌కు వచ్చిన సందేహాలు సున్నా. అతను బస్సుల్లో, షేర్ ఆటోల్లో తిరగని దారి లేదు. ఏ క్లినిక్‌కు పోయినా వరుసలో కూర్చున్న రోగులు శాంపిల్ మాత్రలు అడిగేవాళ్లు, లోపలున్న డాక్టరు క్యాలెండరు అడిగేవాడు. సందేహం మాత్రం ఎవరూ అడగరు. అతని దగ్గరున్న ఫారంలో మూడే గళ్లు: ప్రశ్న, పేరు, సంతకం. ఆ చివరి రెండు గళ్లే కొంప ముంచాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే పరువు పోతుందనుకునే వాళ్లకు అమ్మ మాత్రం ఏం పెడుతుంది?

వీళ్లందరిలోకీ పెద్దాయన హనుమంతయ్య డాక్టరు. వేప్పనపల్లిలో బస్సులు ఆగే చోటే ఆయన క్లినిక్, నలభై ఏళ్ల నుంచి. కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకునే రోగితో మాట్లాడతాడు. ఈ మధ్య మందుల చీటీ కూడా ఆయన చెబుతుంటే కాంపౌండరు రాయాలి. అదంతా దర్జా అనుకుని లోలోపల తిట్టుకునేదాన్ని. అనంతకుమార్ మొదటిసారి పోయి సందేహాలున్నాయా సార్ అని అడిగినప్పుడు ఆయన కాంపౌండరు వైపు తిరిగి, "విన్నావా, నాకు సందేహమంట!" అని పడీ పడీ నవ్వాడట.

ఆగస్టులో ఒకరోజు తేలు కుట్టిన ఒక ఆడపిల్లను ఎత్తుకుని ఆయన దగ్గరికే పరుగెత్తాను. రెండేళ్లది, ఒళ్లంతా చెమటలు. అనంతకుమార్ ఎప్పటిలాగే మూలన స్టూలు మీద సంచి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. డాక్టరు బిడ్డను చూశాడు, కాంపౌండరుకు మాత్ర పేరు చెప్పాడు, ఎంతివ్వాలో చెప్పబోయి ఆగిపోయాడు. పెద్దవాళ్లకెంతో ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఈ బిడ్డేమో పది కిలోలు కూడా లేదు.

"మాకు తెలుసులే," అన్నాడు గొంతు సవరించుకుంటూ, ఎవరూ ఏమీ అనకపోయినా. "కొత్తగా ఏమన్నా మార్చినారేమో అని."

అనంతకుమార్ స్టూలు మీంచి లేచాడు. "ఎప్పటికి కావాల సార్?"

"ఎప్పటికేందప్పా, బిడ్డ ఈడుండాది కదా! ఇప్పుడే!"

లైబ్రరీకి ఫోను చేసి, పేజీ ఫొటో తెప్పించి, డాక్టరు కళ్ల ముందు పెట్టేసరికి ఏడు నిమిషాలు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఆయన చదివి, డోసు చెప్పి, బిడ్డను కృష్ణగిరి పెద్దాసుపత్రికి పంపేదాకా పక్కనే నిలబడ్డాడు. బిడ్డ బతికింది. ఇప్పుడు నన్ను చూస్తే సూది వేస్తానని ఇంట్లోకి పారిపోతుంది.

అంబులెన్సు వెళ్లాక అనంతకుమార్ భయం భయంగా ఫారం తీశాడు. "సార్, పేరు, సంతకం..."

"నాకు తెలీదని నా చేత్తోనే రాసియ్యమంటావా? నా పేరు పెట్టినావంటే మళ్లా ఈ గడప తొక్కొద్దు."

"పేరు లేకుంటే ఆఫీసులో తీసుకోరు సార్."

"ఏదో ఒక పేరు పెట్టుకోప్పా!"

అనంతకుమార్ చుట్టూ చూశాడు. గోడ మీద క్యాలెండరు వేలాడుతోంది: శ్రీరంగప్ప మామిడికాయల మండీ. అతను బుద్ధిగా 'డా. శ్రీరంగప్ప, వేప్పనపల్లి' అని రాసుకుని, తానే సంతకం గీకేసి బస్సెక్కాడు. తప్పే. ఒప్పని నేననను. కానీ మూడు నెలల సున్నా తర్వాత వచ్చిన మొదటి సందేహాన్ని ఎవరు మాత్రం చెత్తబుట్టలో వేస్తారు?

మన దగ్గర మంచి మాట నడిచిపోతుంది, ఇలాంటి మాట బస్సెక్కిపోతుంది. అసలు పేరు అడక్కుండా శ్రీరంగప్ప పేరు మీద జవాబు తెచ్చిస్తాడని నెల తిరక్కుండా డాక్టర్లందరికీ తెలిసిపోయింది. "నాకేం సందేహం లేదప్పా. ఆ శ్రీరంగప్ప అడగమన్నాడు" అని ఒక కాన్పుల డాక్టరమ్మ, "శ్రీరంగప్పకు ఒక అనుమానమంట" అని ఒక పళ్ల డాక్టరు. పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఆంజప్ప కూడా ఊరుకోలేదు. ఆవుకు పొదుగు వాస్తే ఏం చేయాలని శ్రీరంగప్ప చేత అడిగించాడు. అబద్ధమెందుకు, రక్తం తక్కువున్న గర్భిణుల గురించి నేను కూడా రెండు అడిగాను. ఇంత కోపిష్టిదాన్ని, నా పేరు రాయడానికి నాకు కూడా చెయ్యి రాలేదు.

ఫిబ్రవరి చివరికి సందేహాలు నూట నలభై మూడు. అన్నీ శ్రీరంగప్పవే.

ఒక మధ్యాహ్నం అనంతకుమార్ మా ఉపకేంద్రానికి వచ్చి, పిల్లల్ని తూచే బల్ల పక్కన కూలబడ్డాడు.

"మంజులమ్మా, శ్రీరంగప్పకు శాలువా కప్పుతారంట."

"ఎవరు?"

"మా ఛైర్మన్. పిల్లల జబ్బులు, కాన్పులు, పండ్లు, ఆవులు కూడా! ఇట్లాంటి డాక్టరు జిల్లాలో ఇంకొకడు ఉండాడా అని పొంగిపోతాండాడు. హోసూరులో కల్యాణమండపం మాట్లాడినాడు. డాక్టర్లందరినీ పిలిచినాడు."

నేను నవ్వుతూ నవ్వుతూ మందుల బీరువాను పట్టుకోవలసి వచ్చింది. అతని ముఖం చూశాక నవ్వు ఆగింది.

"చచ్చిపోయినాడని చెప్పేద్దామా అమ్మా?"

"చెప్పు. సంతాపసభ పెడతాడు మీ ఛైర్మను. ఆడ దండ వెయ్యడానికి ఫొటో అడుగుతాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేయప్పా."

"ఉన్నది చెప్తే ఎవరు అడిగినారో చెప్పమంటారు. చెప్పనని వాళ్లకు మాట ఇచ్చినాను. చెప్పకుంటే దొంగరాతలు రాసినానని పంపించేస్తారు." సంచి ఒళ్లోకి లాక్కుని, "పోతే నా ఉద్యోగం పోనీ అమ్మా. పేర్లు బయటపెడితే ఇంకెవరూ ఇంకెవర్నీ అడగరు" అన్నాడు.

ముప్పై రెండేళ్ల మనిషి, ఇంట్లో చంటిబిడ్డ. పరువు కోసం ప్రాణాలు తోడేసే మా డాక్టర్ల పరువును ఇతను సంచిలో పెట్టుకుని మోస్తున్నాడు.

సభ రోజు నేను సెలవు పెట్టి పోయాను. మండపంలో ముందు వరుసలన్నీ డాక్టర్లే. వాళ్లు సన్మానానికి రాలేదు, తమ పేరు బయటికొస్తుందేమోనని కాపలాకు వచ్చారు. ప్లేట్లలో రవ్వకేసరి చల్లారిపోతోంది, ఎవరూ ముట్టుకోవడం లేదు. హనుమంతయ్య డాక్టరు మధ్యలో, ఎప్పటిలాగే కుడిచెయ్యి జేబులో.

వెంకటేశులు గారు శాలువా విప్పి పట్టుకుని, "వేప్పనపల్లి డాక్టర్ శ్రీరంగప్ప గారు వేదిక మీదికి రావాల" అని పిలిచారు. ఎవరూ లేవలేదు. ఇంకోసారి పిలిచారు. పళ్ల డాక్టరు వంగి చెప్పు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు.

అనంతకుమార్ మైకు దగ్గరికి నడిచాడు. "సార్, తప్పు నాది. ఈ శ్రీరంగప్ప అనే ఆయన..."

"ఆగప్పా!"

హనుమంతయ్య డాక్టరు లేచాడు. నిదానంగా మెట్లెక్కి ఛైర్మన్ ముందు నిలబడ్డాడు. "శ్రీరంగప్ప రాలేదు. ఆయనకు సిగ్గెక్కువ. నన్ను పొయ్యి తెమ్మన్నాడు."

"మీకు ఆయన బాగా తెలుసునా?" అన్నారు వెంకటేశులు గారు.

"నలభై ఏండ్లుగా. ఒకే ఇంట్లో ఉంటాము."

వెంకటేశులు గారు ఆయన్ని చూశారు, తర్వాత నేల చూపులు చూస్తున్న డాక్టర్ల వరుసను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశారు. బోల్టులు చేసేవాడికి ఏది వదులైందో చూడగానే తెలుస్తుంది కాబోలు. "ఈడ శ్రీరంగప్పలు చానామంది ఉన్నట్టుంది" అన్నారు నెమ్మదిగా. ముందెవరు నవ్వారో తెలియదు, అందరూ నవ్వారు.

ఆయన మాత్రం నవ్వలేదు. "అనంతకుమార్, దొంగ సంతకాలతో నేను పని నడిపించలేను. ఈ రోజు ఒక్కటంటే ఒక్క ఫారం నిజమైన పేరుతో నా చేతికి రావాల. వస్తే నీ పని ఉంటుంది. లేకుంటే ఇంటికి పో."

నవ్వు ఆగిపోయింది. నేను లేవబోయాను, దేవుడి తోడు, లేవబోయాను. అప్పటికే హనుమంతయ్య డాక్టరు ఛైర్మన్ చేతిలోని శాలువాను ఎడమచేత్తో అందుకుని, భుజాన వేసుకుని నా వైపు చూశాడు. "మంజులమ్మా, ఫారం తీసుకొని రా. నేను చెప్తాను, నువ్వు రాయి."

వేదిక పక్కన బల్ల మీద ఫారం పెట్టుకున్నాను. ఆయన చెప్పాడు, మెల్లగా, నాకూ అనంతకుమార్‌కూ మాత్రమే వినపడేలా.

"డాక్టరు. వయసు డెబ్భై ఒకటి. ఏడాదిన్నరగా కుడిచెయ్యి వణుకుతుంది. ఇతను ఇంకా కత్తీ సూదీ పట్టుకోవచ్చునా?"

నా పెన్ను ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ జేబును చూసి నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తుకొచ్చి సిగ్గేసింది. సంతకం గడి కూడా నేనే నింపబోతే ఆయన ఒప్పుకోలేదు. జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. పెన్ను బల్ల మీద టకటకమంది. రెండోచేత్తో మణికట్టు పట్టుకుని, గడి దాటి పోయే అక్షరాలతో, హనుమంతయ్య అని రాశాడు. ఒక్క పేరు రాయడానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

అనంతకుమార్ ఫారం తీసుకుని, ప్రశ్న ఉన్న సగం లోపలికి మడిచి, పేరూ సంతకమూ మాత్రం ఛైర్మన్‌కు చూపించాడు. వెంకటేశులు గారు చూసి తలూపి, ఇంకేమీ అడగలేదు. అనంతకుమార్ మళ్లీ డాక్టరు దగ్గరికి వచ్చాడు.

"ఎప్పటికి కావాల సార్?"

"సోమవారం లోపల. ఆ రోజు ఒకామెకు మెడ మీద గడ్డ తియ్యాల."

ఆదివారం పొద్దున్నే అనంతకుమార్ ఒక్క పేజీతో వేప్పనపల్లిలో బస్సు దిగాడు. నరాల డాక్టరు చూసేదాకా కత్తి పట్టవద్దని అందులో ఉంది. ఈ కథ నేను రాస్తానంటే, "రాయమ్మా, ఇంకో నలుగురు చెయ్యి జేబులోంచి బయటికి తీస్తారు" అని చెప్పింది హనుమంతయ్య గారే. సోమవారం ఆ గడ్డ తీసింది కృష్ణగిరి నుంచి వచ్చిన ఒక పడుచు డాక్టరమ్మ. హనుమంతయ్య గారు ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. శాలువా గోడ మీద శ్రీరంగప్ప క్యాలెండరు మేకుకు వేలాడుతోంది. మధ్యలో ఆమె ఒకసారి చెయ్యి ఆపి, "సార్, ఈడ ఒక డౌటు" అంది.

"అడుగమ్మా," అన్నారు ఆయన.