డప్పు ఆగే గల్లీ

ఆషాఢం ఆదివారాల్లో పొద్దున్నే చిక్కడపల్లి మార్కెట్‌కు కూరగాయలకు పోతే, ఆకుకూరల గంపల పక్కన వేపమండలు కట్టలు కట్టి కుప్పలు పోసి ఉంటాయి. వానకు తడిసిన ఆ పచ్చి వేపాకు చేదు వాసన తగలగానే నాకు ఇంకో వాసన కూడా వస్తుంది. మంటకు కాగే తోలు వాసన. అది ఇప్పుడు మార్కెట్‌లో లేదు, నాలోనే ఎక్కడో ఉంది. డప్పులవాళ్ళు వాయించే ముందు చెత్తకాగితాలు, ఎండు కొబ్బరి పీచు పోగేసి నిప్పు పెట్టి, ఆ సెగకు డప్పును అటూ ఇటూ తిప్పుతూ వేడి చేస్తుంటే వచ్చే వాసన అది. ఇప్పటి డప్పులకు తోలు బదులు ప్లాస్టిక్ పొర వేస్తున్నారు, దానికి మంట అక్కర్లేదు. ఆ డప్పులు కూడా డీజే బండి వెనక వినపడనే వినపడవు.

నాకు చదువు పెద్దగా లేదు, నాలుగో తరగతిలో మానేశాను. అశోక్‌నగర్‌లో సర్కారు నౌకరీల పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను, ఆ వాకిట్లోనే ఒక గదిలో కొడుకుతో ఉంటాను. నేను కూరగాయలు తరుగుతూ చెబుతుంటే ఆ పిల్లల్లో ఒకమ్మాయి, ఎవరికీ చూపనని మాటిచ్చి, ఈ మాటలు రాసి పెడుతోంది. నా కొడుకు సురేందర్‌కు చివరిదాకా ఒక్కసారే చెప్పాను, వాడిక మళ్ళీ వినడు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాతోనే పోతాయి.

మా చిన్నప్పుడు మేం చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీలో ఉండేవాళ్ళం. నడుమ బండలు పరిచిన వాకిలి, ఒక మూల బావి, చుట్టూ గదులు, ప్రతి గదిలో ఒక సంసారం. మా బాపు సినిమా టాకీసు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. బాపు తల్లిని బాపమ్మ అనేవాళ్ళం, ఇల్లంతా ఆమె మాట మీదనే నడిచేది. ఎండాకాలం సాయంత్రాలు బండల మీద నీళ్ళు చల్లితే ఆవిరి లేచి మట్టివాసన వేసేది, ఆ చల్లటి బండల మీద చాపలేసుకుని అందరం పడుకునేవాళ్ళం. మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో కారం ఘాటుకు వాకిలి వాకిలే తుమ్మేది. వానలు పడితే మక్క కంకులు బొగ్గుల మీద కాల్చి ఉప్పూ కారం రాసుకుని తినేవాళ్ళం. బతుకమ్మ రోజుల్లో గునుగుపూలకు రంగులద్దీ అద్దీ మా వేళ్ళు వారం దాకా ఎర్రగా, నీలంగా ఉండేవి, ఆ వేళ్ళతోనే రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు తిని అరచేతికి అంటిన నెయ్యి నాకేవాళ్ళం. గచ్చకాయలు, తొక్కుడు బిళ్ళ, అష్టాచెమ్మా, ఏ ఆట ఆడినా బావి పక్కన మూడో మెట్టు మాత్రం వదిలేసి ఆడాలి. ఆ మెట్టు మల్లేశం కాకది.

మల్లేశం కాక బాపుకు తమ్ముడు, పెళ్ళి కాలేదు. పొద్దున లేస్తే ఆ మెట్టు మీద కూర్చుని చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేవాడు. మా బియ్యం అయిపోతే పక్కింటి బియ్యం, అదీ అయిపోతే పై గదుల వాళ్ళ పప్పులు. పై గదుల్లో కోస్తా నుంచి ఆఫీసు కొలువులకు వచ్చిన కుటుంబాలు కిరాయికి ఉండేవి. అందులో సుభద్రమ్మ గారు కొత్తగా వచ్చినప్పుడు కందిపప్పు చాట పట్టుకుని బాపమ్మ దగ్గరికి వచ్చి మొహమాటంగా నిలబడింది.

"పెద్దమ్మగారూ, ఏమీ అనుకోకపోతే ఇది కూడా మీ అబ్బాయి చేత ఏరిపెట్టిస్తారా?"

"నన్నెందుకు అడుగుతవ్ తల్లీ, చాట ఆని ముంగట పెట్టి పో. మంచిగున్నవా, తిన్నవా అని మాటలు జెప్పినవనుకో, లేచి పోతడు. నీ పప్పు నీకే మిగులుతది."

అట్లా వాకిలంతా నేర్చుకుంది. కాకకు ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు, పక్కన కూర్చుని మాట్లాడాలి. అన్నం ఆయన సిల్వర్ పళ్ళెంలోనే పెట్టాలి, కూర అన్నానికి తగలకూడదు. చెయ్యి పట్టుకోకూడదు. పిల్లలం మాత్రం ఆటపట్టించేవాళ్ళం, "కాకా, వార్తలు జెప్పు" అంటే చాలు, ముందురోజు రేడియోలో విన్న వార్తలన్నీ అదే గొంతుతో, అదే దగ్గుతో సహా చెప్పేవాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆయన వార్తలు పూర్తయ్యేదాకా ఆగేవాడు కాదు, మేం ఆటకు పోయినా చెబుతూనే ఉండేవాడు.

సాయంత్రం ఆయన్ను నారాయణగూడ చౌరస్తాకు తీసుకుపోవడం నా పని. రెండంతస్తుల బస్సులు చూడాలి ఆయనకు. చెయ్యి పట్టుకోనివ్వడు కదా, భుజం మీది తువ్వాలు తీసి ఒక చివర నాకిచ్చేవాడు, ఒక చివర తాను పట్టుకునేవాడు. అట్లా నడిచేవాళ్ళం, నడుమ తువ్వాలు ఊగుతూ. దారిలో చెరుకురసం బండివాడు "ఏం బిడ్డా, కాకను తోలుకపోతున్నవా, కాకనే నిన్ను తోలుకపోతుండా?" అని నవ్వేవాడు. బస్సు వస్తే కాక మెడ ఎత్తి పై అంతస్తు చూసి చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు ఇంట్లో ఎవరి మొహం చూసీ నవ్వలేదు.

ఇక బోనాల సంగతి. నాకు ఊహ తెలిసిన కొత్తలో ఒక ఆషాఢం ఆదివారం డప్పులు మా గల్లీలోకి రాగానే కాక అరిచి గోడకు తల కొట్టుకున్నాడు. నెత్తురు కనుబొమ్మ మీదుగా కారింది. బాపమ్మ కొంగుతో ఆయన తల అదిమి, మమ్మల్ని అదిమిపట్టమని చెప్పి, తడిచేతులతోనే వీధిలోకి పోయి డప్పుల పెద్దాయన ముందు నిలబడింది.

"అయ్యా, మా చిన్నోనికి చప్పుడు పడది. జర మా ఇల్లు దాటిందాక చెయ్యి ఆపుండ్రి."

"గంతేనా పెద్దమ్మా. ముందుగాల్నే జెప్పొద్దా?" అన్నాడు ఆయన. ఏం రోగం, ఎప్పటి నుంచి అని అడగలేదు.

ఆ మరుసటి ఏడు నుంచి ఎవరూ చెప్పకుండానే అదే పద్ధతి అయిపోయింది. గల్లీ మొదట్లోని రేషన్ షాపు దగ్గరికి రాగానే పెద్దాయన చెయ్యి ఎత్తేవాడు, డప్పులన్నీ ఆగిపోయేవి, గల్లీ చివర నల్లా దాటాక మళ్ళీ మొదలయ్యేవి. ఆ నడుమ ఉన్న నిశ్శబ్దం కోసం పిల్లలం ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళమంటే నమ్ముతారా? అంతసేపూ చెవులు పగిలేలా మోగి ఒక్కసారి ఆగితే, బోనాలెత్తిన ఆడవాళ్ళ తడికాళ్ళు బండల మీద పడే చప్పుడు, వేపమండల గలగల, పోతరాజు కాలి గజ్జెలు, బోనం మీది దీపంలో వత్తి చిటచిటమనడం, అన్నీ వినపడేవి. బాపమ్మ చెంబుతో వాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోసేది. అప్పుడు కాక గడపలోకి వచ్చి నిలబడేవాడు. బెల్లం అన్నం వాసన పీల్చుకుంటూ, దీపాలు లెక్కబెడుతున్నట్టు పెదాలు కదుపుతూ, అమ్మవారి ఊరేగింపు మొత్తం చూసేవాడు. ఆయన చూడగలిగిన పండుగ అదొక్కటే.

సురేందర్‌కు చిన్నప్పుడు నేను ఈ కథలన్నీ చెప్పి అన్నం పెట్టేదాన్ని. వాడికీ కూర అన్నానికి తగలకూడదు. బడికి పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకోడు, కొంగు చివర పట్టుకుని నడిచేవాడు. మా ఆయన ఆటో నడిపేవాడు, "వాడు నా తీరు, మాటలు తక్కువ" అని మురిసిపోయేవాడు. వాడు పదో తరగతిలో ఉండగా ఆయన గుండె ఆగి పోయాడు. పిల్లవాడు కష్టపడి డిగ్రీ చదివాడు. బర్కత్‌పురలో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని దొరికింది. పనిలో తప్పు లేదు, కానీ అక్కడి మాటలు, నవ్వులు, అందరూ ఒకేసారి మోగించే ఫోన్లు వాడి వల్ల కాలేదు. ఒకరోజు బల్ల కింద దూరి కూర్చున్నాడట. అంతకుముందు రెండుచోట్ల కూడా ఇట్లాంటిదే. అక్కడి మేడమే మంచి మనసుతో, డాక్టర్‌కు చూపించండమ్మా అని చెప్పి పంపింది.

ఆ డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. "పిల్లవాడి చిన్నప్పటి సంగతులు చెప్పండమ్మా" అంది. నన్ను ఎవరూ అట్లా అడగలేదు ఎప్పుడూ. సంబరంగా అన్నీ చెప్పాను, కొంగు పట్టుకోవడం, అన్నం, ఆట వస్తువులన్నీ వరుసలో పేర్చడం. ఇంట్లో ఇంకెవరైనా ఇట్లా ఉండేవారా అంటే మల్లేశం కాక గురించి కూడా చెప్పాను. చివర్లో ఆమె ఆటిజం అంది. జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన తీరు, భయపడకండి అంది. ఇన్నేళ్ళు నేను ముద్దుగా దాచుకున్నవన్నీ ఆ ఒక్క మాట కిందికి పోయి కూర్చున్నాయి.

నారాయణగూడలో బస్సు దిగాక వాడు నడిరోడ్డు మీద అన్నాడు.

"అది చిన్నపిల్లలకు వచ్చేది. నాకు ఇరవై నాలుగేండ్లు. నువ్వు కథలు చెప్పి నన్ను కాకను జేసినవ్."

"బిడ్డా, డాక్టరమ్మ ఏమన్నది, జబ్బు కాదన్నది గద..."

"ఎవ్వరికీ చెప్పకు. చెప్తే నేను ఇంట్ల ఉండ."

ఆ రోజు నుంచి వాడు మారాడు. అద్దం ముందు నిలబడి నవ్వడం నేర్చుకుంటాడు. హాస్టల్ పిల్లలు వాకిట్లో "ఏం సురేందరన్నా, ఇయ్యాల మౌనవ్రతమా?" అంటే ముందే తయారుచేసుకున్న జవాబేదో గబగబా చెప్పి, లోపలికి వచ్చి చెమటతో తడిసిపోయి పడుకుంటాడు. కూర అన్నంలో కలుపుకుని తిని, బయటికి పోయి కక్కుకుంటాడు. నాకేం లేదు అని నాకు చూపించడానికే అది. మళ్ళీ డాక్టర్ దగ్గరికి పోదామంటే తలుపు మూసుకుంటాడు.

ఒక మధ్యాహ్నం నేను చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కాకకు ఆ పేరు లేకుండె గద. మంచిగనే బతికిండు గద."

"బతికిండు బిడ్డా."

"బాపమ్మ సచ్చిపోయినంక ఏమైండు?"

నా కథలు ఎప్పుడూ బోనాల దగ్గరే ఆగేవి. వాడికి అబద్ధం చెబితే నా కళ్ళు చూడకుండానే గొంతును బట్టి పట్టేస్తాడు. చెప్పాను. బాపమ్మ పోయిన కొన్నాళ్ళకు ఇంటి ఓనరు వాకిలి కూలగొట్టి అంతస్తులు లేపుతానన్నాడు, మేం కవాడిగూడలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. అక్కడ కాకకు మెట్టు లేదు, ఆయన పళ్ళెం సంగతి తెలిసినవాళ్ళు లేరు. అక్కడ వచ్చిన మొదటి బోనాలకు బాపు వీధిలోకి పోయి దండం పెట్టి అడిగాడు. "ఎవనికో పడదని అమ్మోరిని ఆపుతరా? కిరాయికొచ్చి మాకే చెప్తున్నవా?" అన్నారు. ఆ గొడవలో కాక వెనక తలుపు తీసుకుని పోయాడు. చిక్కడపల్లిలో మా వాకిలి ఉన్నచోట వెతికాం, అక్కడ గుంత ఉంది, గుంతలో వాననీళ్ళు ఉన్నాయి. నారాయణగూడ చౌరస్తా, కోఠి, కాచిగూడ స్టేషన్ అన్నీ తిరిగాం. దొరకలేదు. ఆయన తువ్వాలు ఇంట్లో కొక్కేనికే ఉండిపోయింది. ఇప్పటికీ తెల్ల తువ్వాలు వేసుకున్న ముసలాయన ఎదురైతే నా కాళ్ళు ఆగుతాయి.

సురేందర్ చాలాసేపు చిక్కుడు ఈనెలు వరుసగా పేర్చుకుంటూ కూర్చున్నాడు. "బాపమ్మ ఒక్కతికే తెలుసన్నట్టు, కాక తీరు" అన్నాడు. తరవాత నా మొహం వైపు కాకుండా నా చేతుల వైపు చూసి "నాకు నువ్వొక్కదానివి" అన్నాడు.

ఈ ఏడు బోనాల ఆదివారం డీజే బండి మా గల్లీలోకి తిరిగింది. మనిషెత్తు పెట్టెలు. దూరంగా ఉండగానే అలమార్లో గిన్నెలు వణికాయి. సురేందర్ చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాటి మీద దుప్పటి చుట్టుకుని గోడ మూలకు కూర్చున్నాడు, ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. నేను తడిచేతులతోనే బయటికి పోయాను. బండి ముందు పసుపు కండువా వేసుకుని ఒక పిల్లవాడు దారి చేస్తున్నాడు. చెయ్యి ఎత్తి బండికి అడ్డం నిలబడ్డాను.

"బిడ్డా, జర గీ ఇల్లు దాటిందాక ఆపుండ్రి."

వాడు పాటను తగ్గించమని వెనక్కి సైగ చేసి నా దగ్గరికి వంగాడు. మంచి పిల్లవాడు, పాపం. "ఎందుకు ఆంటీ? ఇంట్ల ఎవరికన్న బాగలేదా? జెప్పు, ఆపిస్త. కారణం జెప్తెనే గద, బండి మీదున్నోళ్ళకు నేను జెప్పేది."

వెనక్కి చూశాను. ఇనుప జాలీ తలుపు వెనక సురేందర్ నిలబడి ఉన్నాడు, దుప్పటి జారిపోయింది. తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, చెప్పొద్దు. కళ్ళ నిండా నీళ్ళు, పళ్ళు బిగించుకుని, తల ఊపుతూనే ఉన్నాడు. చుట్టూ హాస్టల్ పిల్లలు, పక్కింటివాళ్ళు, కిరాణా షాపాయన, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"ఎవరికేం లేదు బిడ్డా" అన్నాను. "పోండ్రి."

బండి పోయింది. ఎంతసేపు పోయిందో నాకు తెలియదు. ఎవరో ఆడపిల్ల బోనమెత్తుకుని నా ముందు నడిచింది, ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోయాలంటే చేతిలో చెంబు కూడా లేదు. ఆమె అడుగుల చప్పుడు ఏదీ వినపడలేదు.

లోపలికి పోయేసరికి వాడు మళ్ళీ గోడ మూలకే చేరాడు, నుదురు ఒకచోట ఎర్రగా కమిలింది. పక్కన కూర్చున్నాను, ఎదురుగా కాదు. కాసేపటికి నా కొంగు చివర వాడి వైపు నేల మీద పరిచాను. బడికి పోయేటప్పుడు పట్టుకునేవాడే, అదే చివర. వాడు దానివైపు చూశాడు. తరవాత కాళ్ళు దగ్గరికి తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. గడపకు కట్టిన వేపమండ వాసన గదంతా ఉంది.