మెట్లెక్కని ట్రాలీ

ఆ వీధిలో పిల్లా పెద్దా అందరూ అతన్ని నీళ్ళాయన అనే పిలుస్తారు. ప్లాంటులో తాగునీటి క్యాన్లు నింపుకుని, మూడు చక్రాల బండిలో వేసుకుని, లిఫ్టు లేని పాత మేడలకు మోసుకెళ్ళి ఇవ్వడం అతని పని. క్యాన్‌ని ఎడమ భుజం మీదికి ఎత్తుకుని, కుడిచేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని, మలుపు మలుపుకీ ఊపిరి పీల్చుకుంటూ ఎక్కుతాడు. యాభై దాటాక కుడి మోకాలు మొరాయించింది. ఎక్కేటప్పుడు ఓర్చుకున్నా, దిగేటప్పుడు ప్రాణం తోడేసేది.

ఒకరోజు క్యాన్లు నిండేలోగా ఫోన్‌లో ఓ వీడియో కనబడింది. ఎవరో కుర్రాడు మెట్లెక్కే ట్రాలీ చూపిస్తున్నాడు. బరువు పెట్టి మీట నొక్కితే చాలు, మెట్టు తర్వాత మెట్టు అదే ఎక్కేస్తోంది. దాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడానికి జనం దగ్గర డబ్బు పోగు చేస్తున్నామనీ, ముందుగా కట్టినవాళ్ళకి సగం ధరకే ఇస్తామనీ, వానలు మొదలయ్యేలోపు ఇంటికి పంపుతామనీ చెప్పాడు.

నీళ్ళాయన ఆ సాయంత్రమే భార్యకి చూపించాడు. ఆమె ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి వచ్చి, అప్పుడే కాళ్ళు చాపుకుంది.

“ఇంకా తయారే కాలేదంటున్నాడుగా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.”

“కళ్ళెదుట ఎక్కుతుంటే కాదంటావేంటే?”

“ఎక్కింది వాళ్ళ మెట్లు. మన మెట్లు కాదు.”

అతను వినలేదు. కట్టేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ప్లాంటులో తనతోపాటు క్యాన్లు మోసే బక్కాయన్ని కూడా కూర్చోబెట్టి ఒప్పించాడు. తనకంటే పెద్దవాడు, దగ్గుతో సతమతమయ్యే మనిషి. “నువ్వు చెబుతున్నావుగా,” అని బక్కాయన చొక్కా లోపలి జేబులోంచి తీసిచ్చాడు.

వానలు వచ్చాయి, వెలిశాయి. ట్రాలీ రాలేదు, కబుర్లు మాత్రం వచ్చాయి. మోటారు వేడెక్కుతోందన్నారు. ఫ్యాక్టరీ మారుస్తున్నామన్నారు. ఓసారి రంగు మారిందని ఫోటో పెట్టారు. నీళ్ళాయన ఆ ఫోటోని మేడమేడకీ చూపించాడు.

ఈ ఎదురుచూపుల్లోనే అసలు నష్టం జరిగిపోయింది. మోసే బరువు తగ్గించమని డాక్టరు చెబితే, “ఇంకెన్నాళ్ళండీ, ట్రాలీ వచ్చేస్తోంది,” అన్నాడు. ఎలాగూ మిషను వస్తుందన్న ధైర్యంతో ఐదో అంతస్తులో కొత్త ఇళ్ళు కూడా ఒప్పుకున్నాడు. మోకాలు ఉబ్బింది.

చివరికి భార్య బలవంతం మీద, మొబైల్ షాపులో పనిచేసే మేనకోడలి దగ్గరికి వెళ్ళాడు. ఆ అమ్మాయి ఫోన్‌లో ఆ ట్రాలీవాళ్ళ పేజీ అంతా చదివింది.

“మావయ్యా, ఇది కొట్టు కాదు. నువ్వు వస్తువు కొనలేదు, చందా వేశావు. తయారుచేయడానికి ప్రయత్నిస్తామన్నారు, అంతే. కుదరకపోతే తిరిగిస్తామని ఎక్కడా లేదు. కింద చూడు, నీలాంటివాళ్ళు ఎంతమంది మొత్తుకుంటున్నారో.”

నీళ్ళాయన ఫోన్ అందుకుని, ఆ మొత్తుకోళ్ళన్నీ ఒక్కొక్కటే చదివాడు.

కొన్నాళ్ళకి ఆ కుర్రాడే ఆఖరి వీడియో పెట్టాడు. డబ్బంతా అచ్చులకీ మోటార్లకీ అయిపోయిందనీ, నిజమైన బరువు పెడితే ట్రాలీ వెనక్కి పల్టీ కొడుతోందనీ, తన వల్ల కాలేదనీ, క్షమించమనీ అన్నాడు.

“పాపం, వాడి మొహం చూడు. నిద్ర లేదు వాడికి,” అన్నాడు నీళ్ళాయన.

“మనకుందా?” అంది భార్య. అయినా ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచీ పనికి వెళ్ళేముందు అతని మోకాలికి తనే గుడ్డ బిగించి కట్టేది.

తన డబ్బు పోయినందుకు కాదు, బక్కాయనకి మొహం చూపించలేకే అతను కుంగిపోయాడు. ప్లాంటుకి వెళ్ళే వేళ మార్చుకున్నాడు. దూరంగా ఆ దగ్గు వినబడితే బండి పక్క సందులోకి తిప్పేసేవాడు. అలా ఎన్నాళ్ళు తప్పించుకుంటాడు? ఓ ఆదివారం బక్కాయనే ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“అన్నా, నీ డబ్బు నేను నెలనెలా తీర్చేస్తా,” అన్నాడు నీళ్ళాయన తలెత్తకుండా.

“ఎవడడిగాడ్రా? అది మెట్లెక్కుతుందని నేనేమీ నమ్మలేదు. నీకంత ఆశగా ఉంటే కాదనలేక ఇచ్చాను. వద్దని చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదీ ఉంది.” కాసేపు దగ్గి, మంచినీళ్ళు తాగాడు. “పొద్దున్న ఒక్కణ్ణే నింపుకోలేక ఛస్తున్నా. రేపట్నుంచి ఎప్పటి వేళకే రా.”

మర్నాడు ఇద్దరూ క్యాన్లు నింపుకుంటుంటే, మూలన పడున్న సగం సైజు క్యాన్లు బక్కాయన కంటబడ్డాయి. పై అంతస్తులకి ఇవి వేస్తే పోలేదా అన్నాడు. “రెండుసార్లు ఎక్కాలిగా?” అన్నాడు నీళ్ళాయన. “ఒకరోజు ఒకటి, మర్నాడు ఒకటి. వాళ్ళేమైనా ఒక్కరోజులో తాగేస్తారా?”

నీళ్ళాయన గుండె చిక్కబట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అడిగాడు. రెండు ఇళ్ళవాళ్ళు కుదరదని వేరేవాళ్ళని పెట్టుకున్నారు. మిగతావాళ్ళు సణుక్కుంటూనే సరేనన్నారు. ఐదో అంతస్తులో ఒంటరిగా ఉండే టీచరమ్మ మాత్రం చిన్న క్యాన్‌ని తనే అవలీలగా ఎత్తి వంటింటి గట్టు మీద పెట్టుకుని, అతనివైపు తిరిగింది.

“ఇన్నాళ్ళూ ఆ పెద్దది వంచలేక నా నడుం పడిపోయింది. ఈ మాటేదో ముందే చెప్పొచ్చుగా?”

“నిజమేనమ్మా, చెప్పాల్సింది,” అని నీళ్ళాయన ఖాళీ క్యాన్ అందుకుని, కమ్మీ పట్టుకుని నెమ్మదిగా కిందికి దిగాడు.