సోమవారం పట్టుముక్క

మా ఇంట్లో మగ్గం పక్క గోడకి ఒక మేకు ఉంది. దానికి తెల్లటి పట్టుముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు చేతిగుడ్డ అనుకుని దానికి చేతులు తుడుచుకోబోతారు. మా ఆవిడ అరుస్తుంది. అది చేతులు తుడుచుకోవడానికి కాదు, చేతుల్ని పరీక్ష చేయడానికి.

ఈ పద్ధతి మా అవ్వ పెట్టింది. ధర్మవరంలో పట్టు నేసే ప్రతి ఇంట్లోనూ చేతుల గురించి ఏదో ఒక భయం ఉంటుంది. మా ఇంట్లో ఆ భయానికి ఒక గుడ్డముక్క కూడా ఉంది, అంతే తేడా. మగ్గం గుంతలో కాళ్లు పెట్టే ముందు ఎవరైనా సరే ఆ ముక్క మీద అయిదు వేళ్లూ నెమ్మదిగా లాగాలి. జారిపోతే కూర్చోవచ్చు. ఏ వేలి దగ్గరైనా ముక్క పట్టుకుంటే ఆ రోజుకి మగ్గం ముట్టుకోకూడదు. చర్మం మీది పగులు మన కంటికి కనపడకపోయినా పట్టుకి తెలుస్తుంది. గరుకు వేలు తగిలితే పోగు లేస్తుంది. లేచిన పోగు చీరలో గీత అవుతుంది. ఆ గీతని చీరలు కొనే షావుకారు కిటికీ దగ్గర వెలుతురులో చూసి, ఒక్క మాట కూడా అనకుండా చీర మడతపెట్టి మన వైపు తోస్తాడు. మా నాయనకి ఒకసారి అట్లా జరిగింది. ఆయన ఆ రోజు అన్నం తినలేదు.

ఇట్లాంటి ఇంట్లో పుట్టినవాడు లెగ్ స్పిన్ జోలికి పోకూడదు. నేను ముప్పై దాటాక పోయాను.

దానికి కారణం ఆశ కాదు, అవసరం. మా వీధి జట్టులో నేను చాలా ఏళ్లుగా పదకొండోవాణ్ణి. పది మంది ఉండి ఇంకొకడు కావలసి వచ్చినప్పుడు నన్ను పిలిచేవాళ్లు. బ్యాటింగ్ వచ్చేలోపే మ్యాచ్ అయిపోయేది. క్యాచులు నా దగ్గరికి వస్తే అందరూ ముందే తల పట్టుకునేవాళ్లు. మా కెప్టెన్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నాకన్నా చాలా చిన్నవాడు, నన్ను అన్నా అంటూనే తిడతాడు. ఒకరోజు అతను, "అన్నా, స్పీడు ఏసేటోళ్లు మనకు వీధికొకడు ఉండారు. లెగ్ స్పిన్ ఏసేటోడు ఊర్లోనే లేడు. నువ్వు నేర్చుకో. నేర్చుకోకపోయినా మనకు పోయేదేం లేదు," అన్నాడు. నామీద అంత నమ్మకం అంతకు ముందు ఎవరూ పెట్టలేదు.

ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఎవరో తెల్లాయన ఇంగ్లీషులో చాలాసేపు చెప్పేవాడు. మాటలు వదిలేసి చెయ్యి ఒక్కటే చూసేవాణ్ణి. బంతిని అరచేతిలో కాకుండా వేళ్లతో పట్టుకోవాలి. వదిలేటప్పుడు మణికట్టు తిప్పి, ఉంగరం వేలితో కుట్టుని బలంగా గీరాలి. అప్పుడు బంతి కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గర పడి బయటికి తిరుగుతుందట. మొదటి ఏడాది నా బంతి బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గర పడలేదు. నా కాళ్ల దగ్గరే పడేది, లేకపోతే కీపర్ నెత్తిమీద నుంచి పోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్లు నేను పిచ్చుని తిట్టేవాణ్ణి. పిచ్చు మీద పడి ఉంటే కదా తిట్టడానికి, అనేవాడు కెప్టెన్.

నేతగాడివి కదా, మణికట్టు బాగా తిరుగుతుందిలే అని చాలామంది అన్నారు. తిరగదు. మగ్గం మీద ఒక చెయ్యి అడ్డపోగుని అటూ ఇటూ పరిగెత్తించే నాడె తాడు లాగుతుంది, ఇంకో చెయ్యి ఆ పేకని దెబ్బ కొడుతుంది. ఆ లెక్కన గుళ్లో గంట కొట్టే పూజారి కూడా లెగ్ స్పిన్నరే కావాలి. నేత నాకు ఇచ్చిందల్లా ఓపిక ఒక్కటే. ఒకే పనిని రోజంతా చేసి, సాయంత్రం చూసుకుంటే జానెడు మాత్రమే ముందుకు పోయి ఉండటం నాకు కొత్త కాదు. ఇంటి వెనక సందులో గోడకి వేసేవాణ్ణి. బంతి కాలవలో పడితే కడిగి మళ్లీ వేసేవాణ్ణి. రెండో ఏడాది ఒక సాయంత్రం బంతి పడి, పాము పక్కకి జరిగినట్లు జరిగింది. చుట్టూ చూశాను. చూసినవాళ్లు ఎవరూ లేరు. లోపలికి పోయి మా ఆవిడకి చెప్పాను. ఆమె పట్టుపోగుని కండెలకి చుడుతూ, "మంచిదే, చేతులు కడుక్కో," అంది.

బంతి తిరగడం మొదలయ్యాక అసలు కష్టం మొదలయింది. కుట్టు గీరుకుని ఉంగరం వేలి పక్కన చర్మం లేచేది. ఆదివారం ఆడితే సోమవారం పొద్దున పట్టుముక్క ఆ వేలిని పట్టుకునేది. మా ఆవిడ ముక్కని మేకుకి తగిలించి, "ఈరోజు లేదు," అనేది. నాకన్నా ఆమె బాగా నేస్తుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అయినా ఆమెకి వంట ఉంది, కండెలు ఉన్నాయి, పిల్లల బడి ఉంది. నా మగ్గం ఆగితే ఆ రోజు ఆగినట్లే.

ఆ వేలికి నేను చెయ్యని వైద్యం లేదు. కొబ్బరినూనె రాస్తే పగులు తగ్గుతుంది, కానీ నూనె మరక పట్టుని వదలదు. పసుపు రాస్తే ఇంకా చెప్పక్కర్లేదు. ప్లాస్టర్ వేసుకుంటే దాని అంచు పోగులకి అంటుకుంటుంది. పాదాలు తోముకునే రాయితో వేలు తోమాను. వేలు నున్నబడింది, కానీ తర్వాతి ఆదివారం బంతి సబ్బులా జారింది. మగ్గానికి మెత్తటి వేలు కావాలి, బంతికి గరుకు వేలు కావాలి, నాకున్నది ఒకటే వేలు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాణ్ణి చూశాం గానీ రెండు పడవల మీద వేలు పెట్టినవాణ్ణి నిన్నే చూస్తున్నామని జట్టువాళ్లు నవ్వారు.

అయినా మానలేదు. ఎందుకంటే హిందూపురంలో ఒక ఆదివారం ఆ ఊరి జట్టు ఓపెనర్ని అవుట్ చేశాను. ఆయన బడిలో పీటీ సారు, పొడుగు మనిషి. అప్పటికే మా బౌలర్లందరినీ బాది ఉన్నాడు. నా బంతి కాలి దగ్గర పడగానే ముందుకొచ్చి కొట్టబోయాడు. బంతి బయటికి తిరిగి ఆఫ్ స్టంప్ బెయిల్‌ని మెల్లగా పడేసింది. ఆయన వెనక్కి తిరిగి స్టంపుని చూసి, పిచ్చుని చూసి, నన్ను చూసి, "ఏనప్పా ఇది!" అని కన్నడం కలిపి అన్నాడు. నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పెళ్లిరోజు మాటేమిటని ఎవరైనా అడిగితే, పెళ్లి తర్వాత అని చెబుతాను.

పోయిన ఏడాది మా జట్టు మొదటిసారి ఫైనల్‌కి వచ్చింది. మ్యాచ్ పెనుకొండలో. అవతల అదే హిందూపురం జట్టు, అదే పీటీ సారు. మా కెప్టెన్ వారం ముందు నుంచే అంగడికి వచ్చినవాళ్లందరికీ, "మా అన్న ఉండాడు, ఆయప్పను చూసుకుంటాడు," అని చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే మగ్గం మీద ముహూర్తం చీర ఉంది. మీగడ రంగు ఒళ్లు, ఎర్రంచు. మీగడ రంగు మీద పోగు లేస్తే దాచడానికి లేదు. ఒళ్లంతా అయిపోయింది, కొంగు మిగిలింది. పెళ్లివాళ్లు బుధవారం వస్తారని షావుకారు కబురు పెట్టాడు. ఆదివారం ఆట. సోమవారం వేలు పట్టుకుంటే చీర అందదు.

నేను ఆటకి పోవద్దని మా ఆవిడ అంటుందనుకున్నాను. అంటే పోట్లాడదామని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె అనలేదు. పొద్దున్నే చిత్రాన్నం డబ్బా చేతికిస్తూ, "చెయ్యి జాగ్రత్తప్పా," అంది. అంతే. డబ్బా తీసుకుని బయల్దేరాను.

పెనుకొండలో కొండ కింద మైదానం. గాలి బాగా వీస్తోంది, పిచ్చు మీద సన్నగా బీటలు కూడా ఉన్నాయి. లెగ్ స్పిన్నర్‌కి అంతకన్నా మంచి చోటు ఎవరూ కట్టించి ఇవ్వరు. పీటీ సారు క్రీజులోకి రాగానే కెప్టెన్ బంతి నాకిచ్చాడు. బంతి పట్టుకున్నాను. వేళ్ల కింద కుట్టు తగిలింది. మీగడ రంగు చీర కళ్ల ముందు కనపడింది.

తిప్పలేదు. తిప్పినట్లు చేశాను. మణికట్టు తిరిగింది, పరుగు అదే, కేక కూడా అదే, కానీ వేలు మాత్రం కుట్టుని గీరలేదు, పువ్వుని తాకినట్లు తాకి వదిలేసింది. బంతి బుద్ధిగా నేరుగా పోయింది. పీటీ సారు మొదటి రెండూ మర్యాదగా ఆపాడు. మూడోది కొండవైపు కొట్టాడు. తర్వాత ఇక ఆపలేదు. ఒకసారి ఇవతలి కొసకి పరుగు తీసి వచ్చి, నా పక్కన నిలబడి, "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అని నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న సిక్సుల కన్నా గట్టిగా తగిలింది.

ఓడిపోయాం. తిరుగు రైల్లో ధర్మవరం దగ్గరపడేటప్పుడు కెప్టెన్, "ఏమైందన్నా?" అన్నాడు. "పిచ్చులో ఏం లేదబ్బా," అన్నాను. అతను కిటికీ వైపు తిరిగాడు. ఆ బీటలు అతనూ చూశాడు.

సోమవారం పొద్దున స్నానం చేసి మగ్గం దగ్గరికి వచ్చాను. మా ఆవిడ పట్టుముక్క తీసి పట్టుకుంది. అయిదు వేళ్లూ లాగాను. వెన్న మీద పోయినట్లు పోయాయి. ఆమె ముక్కని ఇంకొంచెం బిగించి, "మళ్లీ," అంది. ఉంగరం వేలు ఒక్కటే లాగాను. ఏమీ పట్టుకోలేదు.

"నిన్న ఆడినావా?"

"ఆడినా."

"బౌలింగ్ ఏసినావా?"

"ఏసినా."

ఆమె నా చెయ్యి తీసుకుని వెలుతురుకి తిప్పి చూసింది. షావుకారు చీరని చూసినట్లే చూసింది. క్రికెట్లో ఎన్ని స్టంపులు ఉంటాయో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

"తిప్పలేదు నువ్వు," అంది.

రైల్లో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నలభై ఏళ్ల మనిషిని, మగ్గం ముందు నిలబడి, చెయ్యి పెళ్లాం చేతిలో ఉండగా ఏడ్చాను. చీర పాడుకాలేదు కదా, ఏడుపెందుకని ఆమె అడగలేదు.

"చెయ్యి జాగ్రత్త అంటి గానీ ఆట ఇడిసిపెట్టమంటినా? భయపడుకుంటా ఏస్తివి. ఇప్పుడు భయపడుకుంటా నేస్తావు. కొంగు అట్లనా నేసేది? జరుగు."

నన్ను పక్కకి తోసి ఆమె గుంతలోకి దిగింది. ఆ కొంగు ఆమే నేసింది. బుధవారం షావుకారు కిటికీ దగ్గర చీర విప్పి, ఒళ్లు చూసి ఊరుకుని, కొంగు చూసి, "ఈసారి కొంగు బాగా వచ్చిందే," అన్నాడు. ఎవరు నేశారో నేను చెప్పాను. ఇంత కాలానికి ఆ మాట బయటికి వచ్చింది.

తర్వాతి ఆదివారం మా వీధివాళ్లలో వాళ్లకే ఆట పెట్టారు, ఎందుకూ పనికిరాని ఆట. నేను వేలు చిట్లేదాకా తిప్పాను. రెండు బంతులు కీపర్‌కి అందలేదు, ఒకటి కెప్టెన్‌నే బౌల్డ్ చేసింది. అతను స్టంపులు నిలబెట్టుకుంటూ, "ఇది పెనుకొండలో ఎయ్యాల్సిందన్నా," అన్నాడు. ఎయ్యాల్సిందే.

సోమవారం పొద్దున పట్టుముక్క నా వేలిని గట్టిగా పట్టుకుంది. విడిపించుకోవడానికి ఇద్దరం తంటాలు పడ్డాం. మా ఆవిడ ముక్కని మేకుకి తగిలించి, కొంగు దోపుకుని గుంతలోకి దిగింది. "బియ్యం కడిగి పెట్టినా, నీళ్లు ఎక్కువ పొయ్యొద్దు," అంది.

అప్పటినుంచి సోమవారాలు ఆమె నేస్తుంది, నేను వండుతాను. వంటలో కూడా నా లెంగ్తు ఇంకా కుదరలేదు. ఏదైనా ఒక సోమవారం వేలు నున్నగా జారితే మాత్రం ఆమె మగ్గం వైపు పోదు, వంటింటి వైపూ పోదు. ముక్క చేతిలోనే పట్టుకుని, ఏం జరిగిందో చెప్పేదాకా నా ముందు నిలబడుతుంది.