పేరు మునిగేదాకా అన్నం

వేడి అన్నం మీద నెయ్యి కరుగుతున్న వాసన వస్తే నాకిప్పటికీ ముందు గుర్తొచ్చేది కూర కాదు, కంచం. మొన్న బందరులో డాక్టరుగారు నా షుగరు రిపోర్టు చూసి, "పెద్ద కంచమైతే తెలియకుండా ఎక్కువ పెట్టుకుంటామండీ, చిన్న పళ్లెం కొనుక్కోండి" అన్నారు. ఇంటికొచ్చి అటక మీది పాత స్టీలు కంచం దింపాను.

నా ఎనిమిదో ఏట టైఫాయిడ్ వచ్చి తగ్గాక, నాన్న ఉద్యోగం చేసే అవనిగడ్డ నుంచి నన్ను తీసుకొచ్చి గుడివాడలో అమ్మమ్మ దగ్గర వదిలారు. పుల్లలా ఉన్నాను, అన్నం చూస్తేనే ఏడుపొచ్చేది. కండ పట్టకపోతే జ్వరం తిరగబెట్టొచ్చన్న మాట విని అమ్మమ్మకు ఒకటే గుబులు. కండ పడితేగాని అమ్మ దగ్గరికి పంపరని నాకు బెంగ.

ఆ ఇంట్లో ఎవరి కంచం వాళ్లది, లోపల అడుగున పేరు కొట్టించి ఉండేది. వడ్డనకు అదే కొలత: పేరు మునగాలి, లేచేటప్పటికి మళ్లీ తేలాలి. వానాకాలం మధ్యాహ్నాల్లో వీధి గుమ్మం దాకా బురద, వంటింట్లో తడికట్టెల పొగ, గోంగూర పప్పులో వెల్లుల్లి పోపు, మేమంతా వరసగా పీటల మీద కూర్చుంటే, ఏ కంచంలో ఒక్క అక్షరం బయటున్నా అమ్మమ్మ "ఇంకా కనపడుతోందమ్మా" అంటూ అన్నం హస్తంతో వచ్చేది. నాకు కొన్న కొత్త కంచం నడిమధ్యన 'సీత' అని రెండే అక్షరాలు. రెండు ముద్దలకు మునిగి, రెండు ముద్దలకే తేలేది. ఇంత చిన్న పిలుపు పేరు పెట్టిన నాన్నను లోలోపల తెగ మెచ్చుకున్నాను.

పది రోజులయ్యాక అమ్మమ్మ ఆ కంచం చంకన పెట్టుకుని నన్ను గిన్నెల కొట్టుకు తీసుకెళ్లింది. అరుగు మీద కూర్చుని ఉలితో టకటకా పేర్లు కొట్టే తాతతో, "సీత ఒక్కటే కాదండీ, దీని పేరు సీతామహాలక్ష్మి. మిగతాది కూడా కొట్టండి" అంది. నా పేరు చుక్కలు చుక్కలుగా పెరుగుతుంటే ఒక్కో అక్షరం గర్వంగా పైకి చదివాను. ఆ పూట నుంచి అన్నం 'మహాలక్ష్మి' దాకా వచ్చింది. కొన్నాళ్లకు పైన ఇంటిపేరు, దీపావళి వెళ్లాక కింది వరసలో అవనిగడ్డ కూడా చేరాయి.

"ఏంటి మామ్మా, దీని కంచం పోస్టు కవర్లా ఉంది!" అని కుళ్లుకున్నాడు మావయ్య కొడుకు బాబ్జీ బావ.

"ఊరు చేరాలి కదరా మరి. తిననీ దాన్ని" అంది అమ్మమ్మ, ముద్దపప్పులో నెయ్యి వేస్తూ.

అంత పొడుగు పేరు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదన్న మురిపెంతో నాలుగు వరసలూ ముంచి తేల్చాను. వరి కోతలప్పుడు అమ్మ వచ్చి నన్ను ఎత్తుకోబోయి, ఎత్తలేక, "ఎంత బరువెక్కావే!" అని నవ్వుతూ ఏడ్చేసింది. అమ్మమ్మ కంచం తోమి నా సంచిలో పెట్టింది.

డాక్టరుగారు చెప్పేదాకా ఆ కంచం నాచేత ఎలా తినిపించిందో నాకు తట్టనే లేదు. తిట్టకుండా, బతిమాలకుండా, నా పేరుతోనే నన్ను బతికించుకుంది ఆ మహాతల్లి. ఆ అరుగూ లేదు, ఆ తాతా లేడు. ఇప్పుడు గిన్నెల మీద పేర్లు యంత్రంతో చిటికెలో వేసేస్తున్నారు.

చిన్న పళ్లెం కొనలేదు. ఈ కంచంలోనే 'సీత' మునిగేదాకా పెట్టుకుంటున్నాను, నా ఒంటికి ఇప్పుడు అంతే చాలు. మిగతా మూడు వరసలూ రోజూ బయటే ఉంటాయి. ఇంకా కనపడుతోందమ్మా అంటూ వచ్చే మనిషే లేదు.